అమ్మ మెడ చుట్టూ నల్ల పట్టె

పోయిన నెల మోకాళ్ల నొప్పులకని వెళితే, రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ చక్కెర కాస్త ఎక్కువుందని చెప్పి, అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమంది. "మీ పాతకాలం వాళ్లంతా అదే తిని వందేళ్లు బతికారు కదండీ" అని నవ్వింది కూడా. మంచి పిల్లే, పని తెలిసిన పిల్లే. అయినా నేను ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాను. మా పాతకాలం వాళ్లు ఏం తిన్నారో, ఒకే ఇంట్లో ఎవరు ఏం తిన్నారో, ఎవరికి ఏం మిగిలిందో ఈమెకెవరు చెప్పారు? వందేళ్లు బతికినవాళ్లు మా ఊళ్లో నాకైతే కనబడలేదు. జొన్నరవ్వ ఉడికించిన గట్క రోజూ కడుపు నిండా తింటూనే, తిండి చాలక మతి తప్పి చావు దాకా వెళ్లిన మనిషిని మాత్రం చూశాను. ఆ మనిషి మా అమ్మ సత్తెమ్మ. డాక్టరమ్మకు తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చి కూర్చున్నాక ఆ ఒక్క ఎండాకాలం మొత్తం కళ్ల ముందుకొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి.

మాది దేవరకొండకు అవతల, మర్రిగూడ దిక్కు, వాన పడితేనే పంట పండే ఎర్రచెలకల ఊరు. మాకు భూమి ఉంది, ఒక జత ఎద్దులు, రెండు బర్రెలు, మంద అనిపించుకోలేని కొన్ని గొర్రెలు ఉన్నాయి. లేనివాళ్లం కాదు. వెదురుతో అల్లి పేడతో అలికిన మూడు గుమ్ముల నిండా నడిమింట్లో జొన్నలుండేవి. పురుగు పట్టకుండా వాటి మధ్య వేపాకు వేసేవాళ్లు కాబట్టి ఇల్లంతా ఎండిన వేపాకు వాసనే. ఆ గుమ్ములకు ఎదురుగా, గడప మీద, మా బాపును, అంటే నాన్నను, కన్న అవ్వ కూర్చునేది. నడుముకు తాళంచెవులు, ఒళ్లో పొగాకు సంచి. కల్లంలో జొన్నరాశి మీద ఎవరూ చెయ్యి పెట్టకుండా బూడిదతో ముద్ర వేసే చెక్క ఒకటి ప్రతి కాపింట్లో ఉండేది. పంట ఇంటికి చేరగానే మిగతావాళ్లు దాన్ని అటక మీద పడేసేవాళ్లు. మా అవ్వకు అది ఏడాది పొడవునా పనికొచ్చేది. పొద్దున్నే అమ్మ ఇసుర్రాయి మీద విసిరిన పిండి కుండలో పోయగానే, అవ్వ దాన్ని అరచేత్తో చదును చేసి పైన ఆ చెక్కతో ముద్ర గుద్దేది. కందిపప్పు మీదా అదే ముద్ర, నువ్వుల మీదా అదే ముద్ర. ఎవరైనా గుప్పెడు తీస్తే ముద్ర చెదిరి దొంగతనం బయటపడుతుంది. పగలంతా ఇంట్లో ఉండే మనిషి అమ్మ ఒక్కతే కాబట్టి ఆ ముద్ర ఎవరి కోసమో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

అవ్వను చెడ్డదని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆమె చిన్నతనంలో పెద్ద కరువొకటి వచ్చిందట. ఇంట్లో దాచుకున్న చివరి గింజలు ఎవరో ఎత్తుకుపోతే, ఆమె చెల్లెలు అవ్వ ఒళ్లోనే కన్ను మూసిందట. ఆ మాట అవ్వ ఒక్కసారే చెప్పింది, అదీ పొగాకు నములుతూ, వేరే ఎవరింటి సంగతో చెప్పినట్టు. ఎత్తుకుపోయింది ఇంటి మనిషేనని ఆమె అనుమానం. అప్పటినుంచి ఆమెకు తిండి అంటే తినేది కాదు, కాపలా కాసేది. నేను పుట్టేనాటికి ఆమె కళ్లలో పొర కమ్మి ముద్రలు సరిగ్గా కనబడేవి కావు. అందుకని నన్ను పెట్టుకుంది. "సుగుణా, నువ్వే నా కండ్లు బిడ్డా" అనేది. పొద్దునా మాపూ కుండల మూతలు తీసి ముద్ర చెదిరిందో లేదో చూసి చెప్పడం నా పని. దానికి ప్రతిఫలంగా, పిడకల మంట మీద పొద్దంతా కాగిన పాలకుండ అడుగున అంటుకున్న గోకుడు నాకు పెట్టేది. కాస్త మాడి, కాస్త తియ్యగా ఉండే ఆ గోకుడు కోసం నేను ఎవరి మీదైనా ఏదైనా చెప్పేదాన్నేమో. అనుమానపడటం నాకు పుట్టుకతో రాలేదు, అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

మా ఇంట్లో ముందు బాపు తినేవాడు. పప్పు, చల్ల, వారానికోసారి గుడ్డు ఆయన కంచంలోకి వెళ్లేవి. ఎండలో నాగలి పట్టే మనిషికి బలం కావాలని అందరూ ఒప్పుకునేవాళ్లు. తరవాత అవ్వ, ఆమె పక్కన నేను. చివర్లో అమ్మ, పొయ్యి దగ్గర, కుండ అడుగున మిగిలిన గట్కలో ఇంత పచ్చిపులుసో మిరపతొక్కో కలుపుకుని తినేది. కడుపు మాడ్చుకున్న రోజు ఒక్కటి కూడా లేదు, గట్క ఎంత కావాలంటే అంత. ఆ సంగతి అవ్వ గొప్పగా చెప్పుకునేది. పైగా తమ్ముడు పుట్టాక అమ్మకు బాలింత పథ్యం పెట్టింది. పప్పు తింటే పిల్లవాడికి కడుపు నొప్పి, పల్లీలు తింటే పైత్యం, గుడ్డు వేడి, పెరుగు జలుబు, ఆకుకూర తింటే విరేచనాలు. ఊళ్లో ఈ పథ్యం నాలుగైదు నెలలుంటుంది. మా ఇంట్లో తమ్ముడు నడక నేర్చినా వదల్లేదు. "పాలు తాగినన్నొద్దులు బాలింతే" అని అవ్వ తీర్పు. అది పిల్లవాడి మీద ప్రేమతో అన్నదో, పప్పుకుండ మీద ముద్ర చెదరకూడదని అన్నదో, ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేకపోయాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెలకల గట్ల మీద దొరికే ఆకులు కూడా ఎండిపోయాయి. ఎండలు ముదిరేసరికి అమ్మ నాలుక ఎర్రగా పుండయ్యి మిరపతొక్కు తగిలితే కళ్లలో నీళ్లు పెట్టుకునేది. పిడకలు కొట్టే చేతుల మీద, మణికట్టు దాకా, చర్మం కాలినట్టు నల్లబడి పగిలింది. అది ముందుగా గమనించింది మా ఇంట్లోవాళ్లు కాదు, పెరటి గోడ అవతలి కుమ్మరి బాలమ్మ పెద్దమ్మ. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మరిది సారె తిప్పితే ఆమె కుండలు కొట్టి, ఆవంలో కాల్చి, గంపకెత్తుకుని ఊళ్లు తిరిగేది. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. అమ్మ ఆమెను "అక్కా" అనేది. ఒకరోజు నేను పెరట్లోకి వెళ్లేసరికి బాలమ్మ పెద్దమ్మ గోడ మీదుగా చెయ్యి చాపి ఏదో ఇస్తోంది. అమ్మ అందుకుని, పిడకల కుప్ప చాటున గొంతుక్కూర్చుని, నమిలీ నమలక మింగింది. అలా అమ్మ ఆత్రంగా తినడం నేను అంతకుముందు చూడలేదు. మర్నాడూ చూశాను, ఆ మర్నాడూ చూశాను. నాలుగో రోజు అవ్వ దగ్గరికెళ్లాను.

"అవ్వా, అమ్మ పిడకల కాడ కూసోని తింటాంది" అన్నాను.

"ఏం తింటాంది? మనింట్లదా?" అంది అవ్వ, పొగాకు నమలడం ఆపి.

"కాదు. బాలమ్మ పెద్దమ్మ కొంగులకెల్లి తీసిచ్చింది. నల్లగ, ముద్ద లెక్కున్నది."

"నల్లగున్నదా?" అని అవ్వ రెండుసార్లు అడిగింది. ఆరోజు నాకు గోకుడు రెండింతలు దొరికింది. మర్నాడే బాపు చేత పెరటి గోడ మీద తుమ్మకంప వేయించింది. "పక్కింటోళ్ల చేతి కూడు తిని మా ఇజ్జత్ తీస్తవా? మా ఇంట్ల గింజలు నిండుకున్నయా?" అని అమ్మను వాకిట్లో నిలబెట్టి అడిగింది. అమ్మ తలెత్తి నావైపు ఒక్కసారి చూసి, తమ్ముణ్ణి చంకనెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తరవాత అమ్మ తొందరగా దిగజారింది. మెడ చుట్టూ, రవికె అంచు పైన ఎండ పడే చోట, నల్లటి పట్టె లేచింది. దూరం నుంచి చూస్తే నల్లపూసల దండ వేసుకున్నట్టే ఉండేది. రోజుకు పదిసార్లు చెంబు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తేది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మాట మధ్యలో ఏం చెబుతోందో మరిచిపోయేది. ఉప్పు వేయాల్సిన చోట బూడిద వేసింది. ఒక మిట్టమధ్యాహ్నం తమ్ముణ్ణి ఎండలో బండ మీద పడుకోబెట్టి, పక్కనే కూర్చుని ఎవరితోనో మాట్లాడినట్టు గొణుగుతోంది. తమ్ముడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉన్నాడు. నేను వాణ్ణి ఎత్తుకుని అమ్మను కుదిపితే, "నువ్వెవరి పిల్లవే?" అంది. నేను భయంతో ఏడ్చాను. వాడవాళ్లు వచ్చి అమ్మ మెడ చూసి నోళ్లు నొక్కుకున్నారు. చేతులు చూసి చూసి, "కాలినట్టున్నయి, ఎవరో చేతబడి చేసిండ్రు" అన్నారు. అవ్వ మనసులో దాచిపెట్టుకున్న మాట అప్పుడు బయటికి తీసింది. "చేసుడు కాదు. పెట్టుడు మందు. కుమ్మరామె వెట్టింది. నా మనుమరాలు కండ్లార జూసింది."

మా దిక్కు పెట్టుడు మందు అంటే, మనిషిని పాడు చెయ్యడానికి తిండిలో కలిపి పెట్టే మందు. అది కడుపులో గడ్డకట్టి మనిషిని ఎండగొడుతుందని, పసరు తాగించి కక్కిస్తేనే దిగుతుందని నమ్మకం. అచ్చంపేట అవతలి అడవి అంచునుంచి ఆ పని తెలిసినవాడొకణ్ణి పిలిపించారు. నిలబడలేని అమ్మను ఇద్దరు పట్టుకుంటే, అతను ఆకుపచ్చటి పసరు చెంబెడు తాగించాడు. కడుపులో ఏముందని కక్కడానికి? పచ్చనీళ్లు, చివరికి కాస్త నెత్తురు చార. అతను వంగి ఆ తడిలో చెయ్యి పెట్టి, మోదుగాకు మీద నల్లటి చిన్న ఉండ ఒకటి పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇగో, దొరికింది" అన్నాడు. నేను స్తంభం పక్కనే ఉన్నాను. వంగడానికి ముందు అతని ఎడమ చెయ్యి సంచిలోకి పోయి రావడం స్పష్టంగా చూశాను. ముద్రలు చూడటం అలవాటైన కళ్లు కదా, చేతులెక్కడికి పోతాయో కనిపెట్టడం నాకు తెలుసు. కానీ అందరూ అతని కాళ్లకు మొక్కుతుంటే నోరు పెగల్లేదు. చెప్పకూడని రోజు చెప్పాను, చెప్పాల్సిన రోజు ఊరుకున్నాను. ఇందులో నాకు వయసు తక్కువన్న సాకు పనికిరాదు. రెండు రోజులూ నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న కుమ్మరి ఆవం ముందు ఊరు కూడింది. పచ్చికుండలు ఎవరో అప్పటికే తన్ని పగలగొట్టారు. మంత్రం వేసే మనిషికి పళ్లు లేకపోతే మాట సరిగ్గా పలకదు, మంత్రం పారదు అని అంటారు. అందుకని ఒకతను పట్టుకారు కూడా తెచ్చాడు. నన్ను ముందుకు తోసి, "ఏం జూసినవో చెప్పు బిడ్డా" అన్నారు. "నల్లటి ముద్ద" అన్నాను.

"అవు, వెట్టిన" అంది బాలమ్మ పెద్దమ్మ, తొణకకుండా. "గిందుల దాసుడేమున్నది? నువ్వులు, పల్లీలు, బెల్లమేసి దంచిన ముద్ద. పొల్ల నాలికె పుండైంది, చేతులు పగిలినయి. పిల్లగానికి పాలియ్యాలె. ఒట్టి గట్క తింటె పాలేడికెల్లి వస్తయ్?"

"సొంత అత్తకు లేని ఫికర్ నీకేందే?" అని ఎవరో అడిగారు.

"నాకెవరున్నరు పెట్టుకోను? పెట్టబుద్ధయింది, పెట్టిన."

ఆ మాటే ఆమెకు ఎదురు తిరిగింది. పిల్లల్లేనిది పిల్లలతల్లి మీద కన్ను వేసిందన్నారు. ఉత్తపుణ్యానికి ఒకరు ఇంకొకరికి పెడతారన్న సంగతి నమ్మే మనిషి ఆ గుంపులో ఒక్కరూ లేరు. చివరికి ఊరి పెద్దమనిషి, "సత్తెమ్మ బతికితె సరే. అమాస లోపల ఆమెకేమన్నైతె మాత్రం గీమె పండ్లుండయి" అని లేచాడు. అమావాస్యకు ఎనిమిది రోజులుంది. గుంపు కదిలాక బాలమ్మ పెద్దమ్మ మా బాపు ముందుకొచ్చి నిలబడింది. "తమ్మీ, నన్ను ఏమన్న జేసుకోండ్రి. ముందుగాల పొల్లను దవాఖానకు దీస్కపో. నీకు దండం బెడత" అంది. బాపు జీవితంలో అవ్వకు ఎదురు చెప్పిన మనిషి కాడు. ఆరోజు ఎవరినీ అడక్కుండా బండి కట్టాడు.

బండి దిగి బస్సెక్కి పట్నం దవాఖాన చేరేసరికి అమ్మకు స్పృహ సగమే ఉంది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నేనూ, కాపలాకు అవ్వా వెంట వెళ్లాం. డాక్టరు నడివయసు మనిషి. అమ్మ మెడ, చేతులు, నాలుక చూశాడు. అంతసేపూ అమ్మను కాక అవ్వనే అడుగుతున్నాడు.

"మీ కోడలు ఏం తింటదమ్మా?"

"మా ఇంట్ల తిండికి తక్కువ లేదు సారూ. మూడు పూటలు కడుపు నిండ జొన్నలే."

"పాలు? పప్పు? గుడ్డు?"

"బాలింతకు పప్పెట్ల వెడ్తం?"

ఆయన తమ్ముడి వైపు చూశాడు. వాడు నా చంక దిగి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. "ఈ నడిచేటోని తల్లి ఇంక బాలింతనా?" అన్నాడు. కోపం ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఇది పెల్లాగ్రా అని, ఒట్టి జొన్నల మీద బతికేవాళ్లకు వస్తుందని, చర్మమూ కడుపూ మతీ మూడూ చెడతాయని, ఇంకో వారం ఆగి ఉంటే చేతికి దక్కేది కాదని బాపుకు చెప్పాడు. "మాత్రలు నేనిస్త. కానీ అసలు మందు తిండే. పాలు, పప్పు, గుడ్డు పెట్టుండ్రి. ఏం దొరకకుంటె పల్లీలు, నువ్వులన్న పెట్టుండ్రి." ఆ మాట వినగానే నా చెవులు భగ్గుమన్నాయి. అవ్వ నన్ను పక్కకు లాగి, "జూసినవా, గా కుమ్మరిది మనకంటె ముందుగాల్నే వచ్చి గీయనకు చెప్పిపోయింది" అంది. ఆమె నిజంగానే అలా నమ్మింది. చచ్చేదాకా ఆ నమ్మకం మారలేదు. కోడల్ని బతికించింది పసరేనని కూడా అనేది.

నాలుగైదు రోజుల్లో అమ్మ నాలుక మానింది. విరేచనాలు కట్టాయి. ఒక పొద్దున తమ్ముణ్ణి చూసి, "ఇంత చిక్కిండేంది నా కొడుకు" అంది. బాపు వరండాలోకి వెళ్లి కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. మెడ మీది నల్లచర్మం పొరలు పొరలుగా ఊడి కింద లేతచర్మం వచ్చింది. కానీ ఇదంతా అయ్యేసరికి అమావాస్య దాటిపోయింది. బాపు ఊరికి కబురు పంపాడు. ఆ కబురు ఎప్పుడు చేరిందో, అసలు చేరిందో లేదో తెలియదు. మేం తిరిగి వెళ్లేసరికి ఆవం చల్లారి ఉంది, బాలమ్మ పెద్దమ్మ గుడిసె తలుపు వేసి ఉంది. తన అన్న ఉండే ఆలంపూర్ దిక్కు వెళ్లిపోయిందన్నారు. తనంతట తానే పోయిందన్నారు కొందరు. పోయేటప్పుడు కొంగుతో మూతి కట్టుకుని ఉందన్నది ఒక ముసలామె. పట్టుకారు తెచ్చినతన్ని బాపు నిలదీస్తే, అతను చుట్ట వెలిగించుకుంటూ కళ్లు పక్కకు తిప్పాడు. ఏమీ జరగలేదనే ఊరంతా ఒక్క మాట మీద ఉంది. అందరూ ఒక్క మాట మీద ఉన్నప్పుడు నేను నమ్మను. అమ్మ రెండుసార్లు బాపును ఆలంపూర్ పంపింది. ఆమె ఆచూకీ దొరకలేదు.

అప్పటినుంచి బాపు తన చేత్తో పాలగిన్నె తెచ్చి, అమ్మ తాగేదాకా ముందు నిలబడేవాడు. అవ్వ మూతి ముడుచుకునేది కానీ ఆపలేకపోయింది. నేను చదువుకుని పంతులమ్మనయ్యాక, బడిలో ఆడపిల్లల పేర్లు పిలవడానికి ముందు వాళ్ల కనురెప్పలు కిందికి లాగి చూసేదాన్ని, చేతులు తిప్పి చూసేదాన్ని. ఇప్పుడు తిండికి అప్పటంత కరువు లేదు. మా ఇంట్లో పప్పు డబ్బాలకు ముద్రలు లేవు, ఫ్రిజ్‌కు తాళం లేదు. అయినా ఎవరింటికి భోజనానికి వెళ్లినా నా కళ్లు ఊరుకోవు. కూరగిన్నె చివరికి ఎవరి దగ్గర ఆగింది, అందులో అప్పటికి ఏం మిగిలింది అని చూస్తాను. "మేం తరవాత తింటాం లెండి" అన్న ఇల్లాలి మాట నేను ఒక్కసారి కూడా నమ్మలేదు. తిండి సంగతిలో జనం ఎంత సులువుగా అబద్ధం చెబుతారో, నవ్వుతూ చెబుతారో, నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను.

అమ్మ ఆ తరవాత చాలా ఏళ్లు బతికింది. నా మీద ప్రేమకు తక్కువ చెయ్యలేదు. తల దువ్వింది, నా రెండు కాన్పులూ చేసింది, నేను అలిగితే బుజ్జగించింది. అవ్వకు ఎవరు చెప్పారని ఒక్కనాడూ అడగలేదు. అవ్వా బాపూ పోయాక నా దగ్గరికే వచ్చి ఉంది. ఒక మధ్యాహ్నం వేడివేడి అన్నం, ముద్దపప్పు, గుడ్డుకూర కంచంలో పెట్టి ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. అమ్మ కంచం తీసుకుని మెల్లగా గోడవైపు తిరిగింది. వీపు నావైపు పెట్టి, కంచం మీదికి వంగి, ముద్ద కలుపుకుంది. తమ్ముడి ముందు అలా తినేది కాదు, నా పిల్లల ముందూ అలా తినేది కాదు. అది అప్పుడే నాకు తట్టింది.

"ఇటు తిరిగి తినరాదమ్మా. ఇంట్ల ఎవరున్నరు?" అన్నాను.

అమ్మ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. "నువ్వున్నవ్ గద బిడ్డా" అంది.

నేను లేచి, ఆమె తినడం అయ్యేదాకా బయట నిలబడ్డాను.